తుంగభద్ర నీటి పద్దు: జలాశయము నిండినంతనే నారు పోయదగునా?

తుంగభద్ర కాలువల క్రింద సేద్యము చేయు రైతులు ఆషాఢ శ్రావణ మాసములలో మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, డ్యాము నిండెనా?" అనునదియే ఆ ప్రశ్న. నిండినదని తెలిసిన మఱునాడే ఊరూర నారుమళ్లు దున్నుట ప్రారంభమగును. ఈ ప్రశ్న అడుగుట తప్పు కాదు గాని, ఇది యొక్కటే చాలదు. నిండిన నీరెంత? అందులో మన కాలువ పాలెంత? ఆ పాలు మన తూమునకు ఎన్ని దినములలో చేరును? చేరిన నీరు ఏ పైరునకు ఎన్ని ఎకరములకు చాలును? ఈ నాలుగు ప్రశ్నలకును ప్రత్యుత్తరము తెలియక విత్తనము వేయుట, ధర యడుగక సరకు మూట కట్టించుకొనుట వంటిది. కావున ఆ లెక్కను మన సంఘ సభ్యులకు విశదపఱుప నెంచితిమి.

తుంగ, భద్ర యను రెండు నదులు పడమటి కనుమలలో జనించి, షిమోగా జిల్లాలోని కూడలి వద్ద ఏకమై తుంగభద్ర యగుచున్నవి. ఈ నది హోస్పేట, మంత్రాలయము, కర్నూలు మీదుగా ప్రవహించి సంగమేశ్వరము వద్ద కృష్ణలో గలియును. కనుమలలో వర్షము మిక్కుటము. మన సీమలో అల్పము. అనంతపురమున ఏడాదికి కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే. కావున మన యూర ఆకాశము నిర్మలముగా నున్న దినములలోనే నది పొంగి పొరలును. మన పైరులు దప్పిగొను పుష్య మాఘములలో నదిలో ఇసుక తేలును. ఆ పొంగును పట్టి ఈ యెద్దడి దినములకు దాచుటకే హోస్పేట వద్ద జలాశయము కట్టబడినది.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతములలో జనులును పశువులును లెక్కకు మించి నశించిరి. తుంగభద్ర నీటిని నిలువచేయవలె నను తలంపు అంతకు పూర్వమే, 1860 ప్రాంతమున, సర్ ఆర్థర్ కాటనుదొరకు కలిగినది. అయినను నది మదరాసు, హైదరాబాదు, మైసూరు సంస్థానములకు ఉమ్మడి యగుటచే ఒడంబడిక కుదురుటకే ఎనుబది యేండ్లు పట్టెను. ఒక్క బావిని పంచుకొనుటకు మూడు పంచాయితీలు పెట్టు అన్నదమ్ములను ఎఱిగిన మనము దీనికి ఆశ్చర్యపడ నక్కఱలేదు. తుదకు 1944 లో మదరాసు, హైదరాబాదు ప్రభుత్వములు చెఱియొక 65 శతకోటి ఘనపుటడుగుల నీటిని వాడుకొన సమ్మతించెను. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగెను. 1953 నాటికి జలాశయము పనికి వచ్చెను. ఆ సంవత్సరమే నీటి పంపకమును చూచుటకు తుంగభద్ర బోర్డు ఏర్పడినది.

శతకోటి ఘనపుటడుగు లనగా పత్రికలలో టి.యం.సి. యని వ్రాయబడునదే. ఇకమీద దానిని 'శతకోటి' యని మాత్రమే వ్రాసెదము.

ఇప్పటి పంపకమునకు ఆధారము బచావతు న్యాయాధికరణము. అది 1973 లో తీర్పు చెప్పి 1976 లో దానిని ఖాయపఱచినది. దాని ప్రకారము తుంగభద్ర జలాశయమునుండి వాడుకకు ఇయ్యబడినది సంవత్సరమునకు 212 శతకోటి. ఇదిగాక జలాశయమున ఎండకు ఆవిరియై పోవుదాని క్రింద 18 శతకోటి వ్రాసికొనిరి. ఈ 212 లో కర్ణాటకమునకు 138.99. తక్కిన 73.01 లో ఎగువకాలువకు 32.5, దిగువకాలువకు 24, కర్నూలు కడప కాలువకు 10, రాజోలిబండ మళ్లింపు పథకమునకు 6.51. ఇందు మొదటి మూడును ఆంధ్రప్రదేశమునకు చెందినవి. రాజోలిబండ పాలు 2014 లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణమునకు చెందినది.

ఈ అంకెలను కంఠస్థము చేయు రైతులు కలరు. కాని వారిలో పెక్కురు ఒక సంగతిని గమనింపరు. జలాశయము నిండినపుడు అందుండు నీరు, 2016 లో కొలిచిన ప్రకారము, 105.788 శతకోటి మాత్రమే. పంచవలసినది 212, ఆవిరితో గూడ 230. అనగా పాత్ర యొక్కమాఱు నిండిన చాలదు. ఒక చేత నింపుచు మఱియొక చేత వాడుచు, వాడిన మేరకు మరల నింపికొనినగాని పద్దు సరిపోదు. మొత్తమున సగభాగము నది పాఱుచుండగానే, జూలై మొదలు అక్టోబరు వఱకు, కాలువలలోనికి తీసికొనవలసిన నీరు. తక్కిన సగమే నిలువ. కావున ఆగస్టులో తలుపులపై నురుగులు గ్రక్కుచు పాఱు నీటిని చూచి "ఇంత నీరుండగా మనకేమి కొదువ?" అనుకొనుట భ్రమ. ఆ పాఱు నీరు మన పద్దున జమ కాలేదు. అది కృష్ణలోనికి పోవుచున్నది. మన పద్దున జమ యగునది కాలువలోనికి వచ్చినది మాత్రమే.

కాలువకును ఒక హద్దు కలదు. ఒక క్యూసెక్కు, అనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు, ఒక దినమంతయు పాఱిన 86,400 ఘనపుటడుగు లగును. శతకోటి పూర్తి యగుటకు ఒకే దినమున 11,574 క్యూసెక్కులు పాఱవలెను. 800 క్యూసెక్కులు తెచ్చు కాలువ యనుకొనుడు. దానికి ఒక శతకోటి తెచ్చుటకు పదునాలుగున్నర దినములు పట్టును. జూలైలో గండి పూడ్చుటకనియు, పూడిక తీయుటకనియు ఒక పక్షము కాలువ మూసిన యెడల ఒక శతకోటి పోయినట్లే. తరువాత జలాశయము ఎంత నిండినను, కాలువ తన పొట్టకు మించి తేలేదు. కావుననే మరమ్మతులు వేసవిలో ముగియవలెననియు, వరద దినములలో కాలువ నిండుగా పాఱుచు దారిలోని చెఱువులను, ఉపజలాశయములను నింపవలెననియు మేము సభలలో పదేపదే చెప్పుచుండుట. దిగువకాలువ మన కర్నూలు సీమకు చేరులోపల ఇంచుమించు 250 కిలోమీటర్లు నడచి రావలెను. ఎగువకాలువ సుమారు 105 కిలోమీటర్లు వచ్చి మన సరిహద్దు చేరును. ఇంత దూరపు కాలువను ఒకనాడు తెఱచి మఱునాడు నీరు రాలేదని లస్కరును నిందించుట న్యాయము కాదు.

పాత్ర చిన్నదగుచున్న సంగతియు తెలియవలెను. కట్టిన నాడు ఈ జలాశయము సుమారు 133 శతకోటి పట్టెడిది. డెబ్బది యేండ్లలో నది తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొని 27 శతకోటి చోటు పూడిపోయెను. ఇది ఆంధ్ర దిగువకాలువ సంవత్సరపు వంతు కంటె ఎక్కువ! చోటు పోయినంత మాత్రమున ఆ 27 శతకోటియు ఏటేట మన పాలునుండి తగ్గునని కాదు. పూర్వము దాచుకొనదగిన వరద ఇప్పుడు తలుపులపై దాటిపోవును. అందుచే అక్టోబరు తరువాత మనకుండు ఆధారము సన్నగిల్లినది. రబీ నమ్ముకొన్న రైతు దీనిని ముఖ్యముగా గుర్తింపవలెను.

ఇక తలుపుల మాట. 2024 ఆగస్టు 10 వ తేదీ రాత్రి, జలాశయము నిండియుండగా, 33 తలుపులలో 19 వ దాని గొలుసు తెగి తలుపు కొట్టుకొని పోయెను. ఒత్తిడి తగ్గించుటకు తక్కిన తలుపులను గూడ ఎత్తి నీరు వదలవలసి వచ్చెను. తలుపుల నిర్మాణమున ఆఱితేరిన కన్నయ్యనాయుడుగారి సలహాతో, పాఱుచున్న నీటిలోనే ఇనుప పలకలను ఒకదానిపై నొకటి దింపి వారము దినములలో ఆ గండిని మూసిరి. అదృష్టవశమున ఆ తరువాత వచ్చిన వరదలచే జలాశయము మరల చాలవఱకు నిండినది. కాని పాత తలుపులపై నమ్మకము సడలినందున 2025 లో నీటిని సుమారు 80 శతకోటి వద్దనే నిలుపవలసి వచ్చినది. ఆ యేడు తలుపులు మార్చుటకై రెండవ పంటకు నీరు లేదని నిర్ణయింపబడినది. కనుమలలో వాన కురిసియు, నదిలో వరద వచ్చియు, రెండవ పంట పోయినది. జలాశయపు అంకె యొక్కటే చూచి అప్పు చేయువారు దీనిని మఱువరాదు.

నీటి సంవత్సరము జూన్ 1 వ తేదీతో మొదలై మే 31 తో ముగియును. బోర్డువారు ఆరంభమునందే ఆ సంవత్సరమున ఎంత నీరు దొరకగలదో అంచనా వేసి, వరదను బట్టి దానిని నడుమ నడుమ సవరింతురు. 212 కు తక్కువ యైన యెడల అందఱ వంతులును అదే నిష్పత్తిని తగ్గును. మాట వరుసకు ఒకయేట అంచనా 170 శతకోటి యనుకొందము. అప్పుడు ఎగువకాలువకు 32.5 బదులు సుమారు 26. దిగువకాలువకు 24 బదులు సుమారు 19.2. సంఘ కార్యదర్శి మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ అంచనాయే. జలాశయపు మట్టము ఎన్ని అడుగులని కాదు.

ఈ 19.2 ను పొలమునకు తెచ్చి చూతము. ఒక శతకోటి నీరు ఒక అడుగు లోతున పఱచిన 22,957 ఎకరములు కప్పును. దారిలోను, పిల్లకాలువలలోను నాల్గవ పాలు ఇంకిపోయిన దనుకొన్న, పొలము చేరునది 14.4 శతకోటి. వరికి నాటినది మొదలు కోతవఱకు నాలుగడుగుల నీరు, ఆరుతడి పైరునకు రెండడుగులు అని మేము లెక్కకు గైకొందుము. వరి యైనచో ఆ నీరు 82,600 ఎకరములకు, ఆరుతడి యైనచో 1,65,000 ఎకరములకు వచ్చును. ఒక్కొక్క యెకరము వరి మఱియొక ఎకరము వేరుశనగ నోటి నీరు లాగికొనుచున్నదని ఇందువలన స్పష్టము.

ఆదోని ప్రాంతమున మేము చూచిన ఒక తూము క్రింద 64 ఎకరములు కలవు. అన్నియు ఆరుతడికే నిర్ణయింపబడినవి. తూము మొగదల నున్న 14 ఎకరములలో వరి నాటిరి. చివరనున్నవారు మిరప నాటిరి. తూమునకు రావలసిన నీరు 64 ఎకరములకు రెండడుగుల చొప్పున 128 ఎకరపుటడుగులు. వరి 56 త్రాగెను. మిగిలిన 72 తో ముప్పదియాఱు ఎకరముల మిరప మాత్రమే బ్రదికినది. చివరి పదునాలుగును కాయ దశలో ఎండినవి. ఎగువ రైతును అడుగగా అతడు, "అయ్యా, కాలువ నా చేను పక్కనే పోతా ఉంటే నేనెట్లా ఊరకుండేది? నేను దొంగతనం చేయలేదే" అనెను. అతడు దొంగ కాడన్నది నిజమే. తూము తీసియున్నది, నీరు పాఱినది. కాని చివరి రైతు కూడ మన సంఘ సభ్యుడే, అతడు తెచ్చిన మిరప ఋణము మన సంఘపు ఋణమే. ఆ సొమ్ము తిరిగి రాక బాకీ పడినపుడు వడ్డీ నష్టము వరి పండించిన వానిపైనను పడును.

కావున మేము ఈ విషయమున మెత్తగా చెప్పదలచుకొనలేదు. ఆరుతడికి నిర్ణయింపబడిన భూమికి సంఘము వరి ఋణము ఈయరాదు. ఇది కొందఱకు కష్టముగా తోచును. "వరి యైన ఇంటికి తిండి, పశువులకు గడ్డి" అందురు. తిండి మాట సత్యమే. అయినను ఒకని తిండికి మఱియొకని పైరు ఎండుట ఏ సహకారము? బోరు నీరు ధారాళముగా గలవారు తమ నీటితో వరి పెట్టుకొన్నచో మాకు అభ్యంతరము లేదు. అట్టివారును ఎప్పుడును మడి నింపి యుంచక, నీరు ఇంకి నేల సన్నగా నెఱ్ఱెవాఱు వేళ తిరిగి పెట్టు పద్ధతి నవలంబించిన చాల నీరు మిగులును. పూత దశలో మాత్రము మడి ఆరనీయరాదు.

నల్లరేగడికి ఎడతెగని నీరు మేలు కాదను సంగతి మన పూర్వులకు తెలియును. 1860 తరువాత మదరాసు ఇరిగేషను కంపెనీవారు కర్నూలు కడప కాలువ త్రవ్వి, రైతులందఱు ఎగబడి నీరు కొందురని తలంచిరి. రేగడి జొన్నకు, ప్రత్తికి మంచి యేడాదిలో వానయే చాలునని మన రైతులు ఆ నీటిని ముట్టరైరి. కంపెనీ నష్టపడి 1882 లో కాలువను ప్రభుత్వమునకు అమ్ముకొనెను. ఆ రైతులు మూఢులని నాటి దొరలు కొందఱు తలంచిరి. తుంగభద్ర ఆయకట్టున ఏండ్ల తరబడి వరి నాటిన పల్లపు రేగడులలో ఊట నిలిచి చవుడు తేలిన భూములను చూచిన మాకు అట్లు తోచదు.

ఆరుతడి పైరులకు నీరు ఎంత యనుట కంటె ఎప్పు డనుట ముఖ్యము. వేరుశనగకు పూత వచ్చునపుడు, ఊడలు దిగునపుడు, కాయ ఊరునపుడు తడి తప్పరాదు. మొలక తరువాతి మూడు వారములు కొంత బెట్టకు వచ్చినను చెడుపు లేదు, పైగా పూత కలిసివచ్చును. జొన్నకు పొట్టదశ, గింజ పాలుపోసికొనుదశ. ప్రత్తికి పూత కాయల కాలము. రబీ శనగ రేగడిలోని చెమ్మతోనే పండును; పూతకు ముందు ఒక్క తడి దొరికిన అదృష్టము.

ఇక తూము నీరు కొలుచుట. దీనికి ఇంజనీరు రానక్కఱలేదు. మిషను బడిలో మాకు లెక్కలు నేర్పిన ఉపాధ్యాయుడు వాన నీటి కాలువలో చితుకులు విడిచి వేగము కొలిపించెడివారు. ఆ యుపాయమే ఇది. పిల్లకాలువలో సమముగా, తిన్నగా నున్న 30 అడుగుల భాగమును ఎన్నుకొని రెండు కొనల పుల్లలు నాటుడు. ఎగువ పుల్లకు కొంచెము పైన ఎండు బెండు ముక్కను విడువుడు. అది ఒక పుల్లనుండి రెండవ పుల్లకు ఎన్ని సెకనులలో చేరునో గడియారము చూచి వ్రాసికొనుడు. మూడు మాఱులు చేసి సగటు తీయుడు. 30 సెకనులు పట్టిన వేగము సెకనునకు ఒక అడుగు. కాలువ వెడల్పు 3 అడుగులు, నీటి లోతు 1 అడుగు అయిన, మూడును ఒకటిని ఒకటిని హెచ్చింపగా 3. పైనీరు వడిగాను అడుగునీరు నెమ్మదిగాను పోవును గనుక నూటికి 85 పాళ్లు మాత్రము గైకొనుడు. సుమారు రెండున్నర క్యూసెక్కులు వచ్చును.

రెండున్నర క్యూసెక్కులు ఒక దినమున 2,16,000 ఘనపుటడుగులు. ఎకరమునకు మూడంగుళముల తడి యనగా 10,890 ఘనపుటడుగులు. కావున దాదాపు 20 ఎకరములు తడియవలెను. ఇంకుడు పోగా 16 అనుకొనుడు. అనగా ఎకరమునకు గంటన్నర వంతు. 64 ఎకరముల తూమునకు నాలుగు దినములలో ఒక చుట్టు పూర్తి యగును. ఈ గంటల వంతు కాగితముపై నుండినగాని నిలువదు. ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియునో, రాత్రి వంతులు ఎవరెవరికి వచ్చునో, ప్రతి చుట్టునకు రాత్రివారు పగటికిని పగటివారు రాత్రికిని ఎట్లు మాఱుదురో ముందే వ్రాయవలెను. రాత్రి నీటిని వాగు పాలు చేయుట మన సీమలో పెద్ద దుబారా. ఎఱిగియు ఎవరును మాటాడరు.

వంతు చివరి పొలమునుండి మొదలు పెట్టవలెనని మా సలహా. దీనికి ఆక్షేపణ కలదు: "ఎండిన కాలువ మొదటి నీరంతయు త్రాగును, చివరకు చేరునాటికి సగమే యుండును" అని. మొదటి దినము నిజమే. ఆ యింకుడు కాలువ తడియుటకు పోవునది గనుక ఎవరి వంతులోను కోయక ఉమ్మడి ఖర్చుగా వ్రాసికొనవలెను. కాలువ పూర్తిగా తడిసి నీరు చివరి మడవ చేరిన గడియనుండియే చివరివాని వంతు లెక్కింపవలెను. ఎగువవానికి దీనివలన నష్టము లేదు. కాలువ తన చేని ప్రక్కనే పాఱుచున్నందున ఊట తడి అతనికి ముందే దక్కును. మొగదలనుండి మొదలుపెట్టిన తూములలో మూడవ చుట్టునకు చివరివారు కాలువ ముఖము చూచుట మానివేయుదురు. అట్టిచోట్లనే రాత్రులు గండ్లు కొట్టుటయు, పైపులు వేసి తోడుటయు మొదలగును.

1997 లో వచ్చిన చట్టము ప్రకారము మన కాలువల క్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. వంతు నిర్ణయించు అధికారము వారిది. మన ఋణసంఘమునకు లేదు. కాని రెండు సంఘముల సభ్యులును ఒకే ఊరివారు. జూన్ రెండవ వారములో, విత్తనము కొనకముందు, రెండు సంఘములును ఒక్కటిగా కూడి బోర్డువారి అంచనా చదువుకొని, తూమువారీగా ఎన్ని ఎకరముల ఏ పైరో నిర్ణయించి, ఆ పట్టీ ప్రకారమే పంట ఋణము మంజూరు చేసికొనవచ్చును. ఆగస్టు చివర అంచనా సవరించినపుడు మఱల కూడి, రబీ విస్తీర్ణమును అప్పుడే తేల్చవలెను. సంక్రాంతికి తేల్చుట వలన ప్రయోజనము లేదు.

పట్టీకి ఆరు వరుసలు చాలును: తూము సంఖ్య, రైతు పేరు, ఎకరములు, పైరు, వంతు గంటలు, చివరి వరుసలో నీరు నిజముగా అందిన తేదీ. ఈ చివరి వరుసను తూము చివరి రైతే తన చేత వ్రాయవలెను. వ్రాత రానిచో వ్రేలిముద్ర వేయవలెను. లస్కరు గాని, మొగదల రైతు గాని దానిని పూర్తిచేయరాదు. కార్యదర్శి ప్రతి చుట్టు ముగిసిన పిమ్మట ఆ వరుసను చూచి, తేదీ లేని చోటికి మఱునాడే స్వయముగా పోయి చూచి రావలెను.